వింటికర్ర

వింటికర్ర లేదా వింటిబద్ద అనగా విల్లు తయారు చేయడానికి అడవి నుండి సేకరించే తిన్నని, ముడులు లేని, చేవగల కర్ర లేదా వెదురు బద్ద. విల్లు బలం దానిని చెక్కే పనివాని నైపుణ్యం మీద కొంతవరకే ఆధారపడుతుంది. ఏ చెట్టును ఎంచుకొన్నారు, ఏ ఋతువులో నరికారు, ఎలా చీల్చారు, ఎంతకాలం ఆరబెట్టారు అన్న నాలుగు విషయాల మీదనే విల్లు మన్నిక ఎక్కువగా ఆధారపడి ఉన్నది. తూర్పు కనుమలలో, నల్లమలలో, గోదావరి పరీవాహక అడవులలో నివసించే చెంచులు, కోయలు, కొండరెడ్లు మొదలైన జాతులవారు విల్లంబులను తరతరాలుగా వాడినవారు. నేటి అటవీ చట్టాల ప్రకారం వెదురు బద్దకు ఒక నియమం, గట్టి కర్రకు మరొక నియమం వర్తిస్తాయి. అందుచేత ఈ విషయానికి వృక్షశాస్త్రంతో, చరిత్రతో, న్యాయశాస్త్రంతో కూడా సంబంధం ఉన్నది.

పేర్లు, భాగాలు

విల్లుకు ధనుస్సు, కోదండము, చాపము, కార్ముకము, శరాసనము అనే సంస్కృత పర్యాయపదాలు తెలుగులో వాడుకలో ఉన్నాయి. కొమ్ముతో చేసిన విల్లును సింగిణి అంటారు. విల్లు పట్టినవాడు విలుకాడు. మట్టి ఉండలను విసరడానికి వాడే విల్లు ఉండేలు. పత్తిని ఏకడానికి దూదేకులవారు వాడిన పనిముట్టు కూడా ఒక విధమైన విల్లే.

విల్లు భాగాల పేర్లు ఇవి:
* పిడి – నడుమ చేతితో పట్టుకొనే చోటు. సంస్కృతంలో లస్తకము.
* రెక్కలు – పిడికి పైన, క్రింద వంగే రెండు భాగాలు.
* వింటికొప్పు – నారిని తగిలించే కొస. సంస్కృతంలో అటని.
* నారి – రెండు కొప్పులను కలిపే త్రాడు. దీనికే అల్లెత్రాడు, గుణము, జ్య అని పేర్లు.
* వీపు – విలుకాడు విల్లు పట్టినపుడు గురివైపు ఉండే ముఖం.
* కడుపు – విలుకాని వైపు ఉండే ముఖం.

వీపు, కడుపు అన్న తేడా ముఖ్యమైనది. విల్లును లాగినపుడు వీపువైపు నారపోగులు సాగుతాయి, కడుపువైపు పోగులు నొక్కుకొంటాయి. విల్లు విరిగినపుడు ఎక్కువగా మొదట తెగేది వీపువైపు పోగే.

కర్రకు ఉండవలసిన లక్షణాలు

చెట్టు కాండంలోని నారపోగులు మొదలు నుండి చివరి వరకు సాగే సన్నని గొట్టాల కట్ట వంటివి. ఈ పోగుల దిశలో కర్ర చాలా బలంగా ఉంటుంది, అడ్డదిశలో బలహీనంగా ఉంటుంది. కాబట్టి ఒక కొప్పు నుండి రెండవ కొప్పు వరకు పోగులు తెగకుండా సాగిన బద్దయే మంచి బద్ద. పోగుల వాలు కొద్దిగా పెరిగినా బలం తగ్గుతుంది. పది అంగుళాల పొడవులో పోగు ఒక అంగుళం ప్రక్కకు జరిగితే, వంపును తట్టుకొనే బలం సుమారు ఐదవ వంతు తగ్గుతుందని కలప పరీక్షలలో తేలినది. ఐదు అంగుళాలకు ఒక అంగుళం జరిగితే దాదాపు సగం బలం పోతుంది. కొయ్యమిల్లులో రంపంతో కోసిన పలకలో పోగులు ఏ దిశలో ఉన్నా రంపం తిన్నగానే కోస్తుంది. చీల్చిన బద్ద మాత్రం పోగుల వెంటనే విడిపోతుంది. వింటికర్రను వీలైనంత వరకు కోయకుండా చీల్చడానికి కారణం ఇదే.

మంచి వింటికర్రకు ఈ క్రింది లక్షణాలు ఉండాలి:
# తిన్నదనం: విల్లు పొడవుకు కనీసం ఒక జానెడు ఎక్కువగా వంకర లేని భాగం ఉండాలి.
# ముడులు లేకపోవడం: కొమ్మ పుట్టిన చోట పోగులు దానిని చుట్టుకొని పోతాయి. అక్కడ వంపు సమంగా రాదు.
# మెలి లేకపోవడం: కొన్ని చెట్ల పోగులు కాండం చుట్టూ త్రాడు పేనినట్లు తిరుగుతాయి. అటువంటి కర్రను చీల్చితే బద్ద మెలికపడి వస్తుంది.
# సాగుడు గుణం: వంచి వదిలినపుడు మళ్ళీ తిన్నగా రావాలి. వంగిన చోటనే నిలిచిపోయే కర్ర పనికిరాదు.
# చేవ: పురుగు తొలవని, పుచ్చు లేని, తగినంత వయస్సు గల కర్ర కావాలి.

వింటికి పనికివచ్చే చెట్లు

తడ: దీనికి చరచి అని మరొక పేరు. శాస్త్రీయ నామం గ్రీవియా టిలీఫోలియా. పూర్వం దీనిని టిలియేసి కుటుంబంలో చేర్చేవారు, ప్రస్తుతం మాల్వేసి కుటుంబంలో చేర్చుచున్నారు. ఆకురాల్చు అడవులలో పెరిగే మధ్యరకం వృక్షం. దీని సంస్కృత నామమైన ధన్వనము, విల్లు అనే అర్థం గల 'ధన్వ' శబ్దంతో సంబంధం కలది. కలప వర్తకులు దీనిని ధామన్ అంటారు. కర్ర గట్టిగా ఉంటూనే బాగా వంగుతుంది. అందువలన బండి పోలుగర్రలకు, గొడ్డలి కాములకు, కావడిబద్దలకు కూడా దీనిని వాడతారు. విల్లుకూ కావడిబద్దకూ కావలసిన గుణం ఒకటే: బరువు పడినపుడు వంగాలి, బరువు తీసినపుడు లేవాలి. దీని బెరడు నుండి త్రాళ్ళు పేనే నార కూడా లభిస్తుంది.

చిరుమాను: తిరుమాను అని కూడా పిలుస్తారు. శాస్త్రీయ నామం అనోగీసస్ లాటిఫోలియా, సంస్కృతంలో ధవము. బరువైన, గట్టి కర్ర. పనిముట్ల పిడులకు, బండి ఇరుసులకు ప్రసిద్ధి. ఎండేటప్పుడు పగిలే స్వభావం ఉన్నందున నెమ్మదిగా ఆరబెట్టవలెను.

తాటి: తాటిచెట్టు కాండం లోపల మెత్తగా, అంచువైపు నల్లని గట్టి పోగులతో ఉంటుంది. వయసు మళ్ళిన చెట్టు అంచు భాగం నుండి చీల్చిన బద్దలు మాత్రమే వింటికి పనికివస్తాయి. తాటిచెట్టుకు కొమ్మలు ఉండవు కనుక ముడుల సమస్య లేదు.

వెదురు: వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డిజాతి మొక్క. అయినా భారతదేశంలో విల్లులకు అత్యధికంగా వాడినది ఇదే. మన అడవులలో ప్రధానంగా రెండు రకాలు లభిస్తాయి. ముళ్ళవెదురు లావుగా, బోలుగా పెరుగుతుంది. సాధనపు వెదురు సన్నగా, గోడ మందంగా, కొన్నిచోట్ల దాదాపు గట్టిగా ఉంటుంది. శాస్త్రీయ నామం డెండ్రోకలామస్ స్ట్రిక్టస్. దీనినే మగవెదురు అని కూడా అంటారు. వెదురులో బలమైన పోగులు బయటి తొక్క వద్ద దట్టంగా, లోపలికి పోయేకొలది పలుచగా ఉంటాయి.

సేకరణ కాలం

వింటికర్రను వానలు వెనుకబట్టిన తరువాత, చలికాలంలో, చెట్టు ఆకు రాల్చే సమయంలో నరకడం ఉత్తమం. కార్తీకం నుండి మాఘం వరకు గల కాలం అనుకూలమని స్థూలంగా చెప్పవచ్చు. ఇందుకు మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఈ కాలంలో చెట్టులో ఎదుగుదల మందగిస్తుంది. రెండవది, చలికాలపు గాలిలో వేడి తక్కువ కనుక కర్ర నెమ్మదిగా ఆరుతుంది, పగుళ్ళు తక్కువ. మూడవది, శిలీంధ్రాల, పురుగుల బెడద వానకాలంలో కంటే తక్కువ.

వెదురు విషయంలో ఋతువు మరింత ముఖ్యం. వానకాలంలో వెదురు పొద నుండి కొత్త పిలకలు వస్తాయి. వాటికి కావలసిన ఆహారం పాత బొంగుల నుండే అందుతుంది. ఆ సమయంలో నరికితే పొద దెబ్బతింటుంది. వెదురులోని పిండిపదార్థం కోసమే దానిని గుల్ల చేసే చిన్న పెంకుపురుగులు చేరుతాయి. పిండిపదార్థం తక్కువగా ఉన్న కాలంలో నరికిన వెదురు ఎక్కువకాలం నిలుస్తుంది.

గట్టి కర్ర సేకరించే పద్ధతి

చెట్టు ఎంపిక: జానెడు అడ్డుకొలత గల కాండం అనుకూలం. మరీ సన్నని చెట్టులో చేవ తక్కువ, వీపు గుండ్రంగా వస్తుంది. మరీ లావైన చెట్టును నరకడం, మోయడం కష్టం. దట్టమైన అడవిలో వెలుతురు కోసం పైకి ఎదిగిన చెట్టుకు క్రింది కొమ్మలు త్వరగా రాలిపోతాయి. అందువలన దాని మొదలు భాగం తిన్నగా, ముడులు లేకుండా ఉంటుంది. బయలులో ఒంటరిగా పెరిగిన చెట్టుకు క్రిందినుండే కొమ్మలు వస్తాయి. బెరడు మీది చారలు నిలువుగా ఉంటే లోపలి పోగులు కూడా సాధారణంగా నిలువుగానే ఉంటాయి. చారలు కాండం చుట్టూ తిరుగుతూ ఉంటే ఆ చెట్టును వదిలివేయడం మంచిది. వాలుగా పెరిగిన చెట్టులో ఒక ప్రక్క పోగులకు, రెండవ ప్రక్క పోగులకు గుణంలో తేడా ఉంటుంది.

చీల్చడం: దుంగ కొసన గొడ్డలితో గాటు పెట్టి, ఇనుప చీలలను గాని గట్టి కొయ్య చీలలను గాని ఒకదాని వెంట ఒకటిగా దింపుతూ దుంగను నడుమకు రెండుగా చీల్చుతారు. తరువాత ఒక్కొక్క సగాన్ని మళ్ళీ రెండుగా చీల్చుతారు. జానెడు అడ్డుకొలత గల దుంగ నుండి సాధారణంగా నాలుగు బద్దలు వస్తాయి. అన్నీ విల్లుకు పనికివస్తాయన్న నమ్మకం లేదు.

కొసలు మూయడం: చీల్చిన వెంటనే బద్దల రెండు కొసలకు మైనం, జిగురు లేదా రంగు పూయవలెను. కర్రలోని నీరు ప్రక్కల నుండి కంటే కొసల నుండి ఎన్నోరెట్లు వేగంగా బయటకు పోతుంది. కొసలు ముందుగా ఎండి కుంచించుకొనడం వలన పగుళ్ళు పుడతాయి. ఒకసారి పుట్టిన పగులు పోగు వెంట లోపలికి పాకుతుంది.

ఆరబెట్టడం: బద్దలను నేలకు తగలకుండా, గాలి ఆడేటట్లు, నీడలో పేర్చవలెను. ఎండలో పెట్టరాదు. పచ్చికర్రలోని నీటి బరువు ఎండిన కర్ర బరువులో సగం నుండి సమానం వరకు ఉండవచ్చు. విల్లు చేసేనాటికి అది సుమారు 8 నుండి 12 శాతానికి తగ్గాలి. అంగుళం మందానికి ఒక సంవత్సరం అనేది వడ్రంగుల స్థూలమైన లెక్క. ఆరినదీ లేనిదీ తెలుసుకొనడానికి సులభమైన ఉపాయం ఒకటి ఉన్నది. బద్దను వారానికి ఒకసారి తూచి వ్రాసుకొనవలెను. వరుసగా కొన్ని వారాలు బరువు మారకపోతే బద్ద ఆరినట్లు భావించవచ్చు. తడి మిగిలిన కర్రతో చేసిన విల్లు వంగిన చోటనే నిలిచిపోతుంది. మరీ ఎక్కువగా ఎండిన కర్ర పెళుసుబారి విరుగుతుంది.

వెదురు బద్ద సేకరణ

వెదురు బొంగు మొదటి కొద్ది నెలలలోనే పూర్తి ఎత్తుకు, లావుకు ఎదుగుతుంది. ఆ తరువాత లావెక్కదు, గట్టిపడుతుంది. మూడు, నాలుగు సంవత్సరాల వయస్సు గల బొంగు వింటికి శ్రేష్ఠం. లేత బొంగును కణుపుల వద్ద అంటిపెట్టుకొన్న పొరల వలన, ఒంటిమీది తెల్లని పొడి వలన గుర్తించవచ్చు. ముదిరిన బొంగుకు పొరలు రాలిపోయి, తొక్క మీద మచ్చలు కనిపిస్తాయి. వ్రేలితో తట్టినపుడు లేత బొంగు మందంగా, ముదురు బొంగు ఖంగున మ్రోగుతుంది.

పొదలో లేత బొంగులు బయటి అంచున, ముదురు బొంగులు నడుమన ఉంటాయి. అంచున ఉన్నవి సులభంగా అందుతాయని వాటినే నరికితే పొద విస్తరణ ఆగిపోతుంది. నేలకు దగ్గరగా ఒక కణుపుకు కొద్దిగా పైన, నీరు నిలువకుండా నరకవలెను. ప్రతి పొదలో తగినన్ని బొంగులను మిగల్చడం అవసరం.

నరికిన బొంగును కొన్ని వారాలు పారే నీటిలో గాని చెరువులో గాని నానవేస్తే పిండిపదార్థం కరిగిపోయి పురుగుపట్టడం తగ్గుతుంది. పొయ్యి పైన పొగ తగిలేటట్లు కట్టి ఉంచడం మరొక పద్ధతి. తరువాత నిలువుగా చీల్చి, తొక్కవైపు భాగాన్ని వీపుగా ఉంచి, లోపలివైపు మాత్రమే చెక్కుతారు. తొక్కవైపు చెక్కితే బలమైన పోగులు తెగిపోతాయి.

బద్ద నుండి విల్లు

గట్టి కర్రతో చేసే విల్లులో బెరడు క్రింది ముఖం వీపు అవుతుంది. ఆ ముఖాన ఒకే వార్షిక వలయం కొప్పు నుండి కొప్పు వరకు తెగకుండా ఉండేటట్లు చూస్తారు. చెక్కడమంతా కడుపువైపు జరుగుతుంది. మొదట గొడ్డలి, బాడిస, చివరకు కత్తి, గాజుపెంకు వాడి సన్నగా గీకుతారు. ఆధునిక పనివారు చిత్రిక, ఆకురాయి కూడా వాడతారు.

ఇక్కడ విద్యార్థులు గమనించదగిన సూత్రం ఒకటి ఉన్నది. బద్ద వెడల్పు రెండింతలైతే దాని బిగువు రెండింతలు మాత్రమే అవుతుంది. మందం రెండింతలైతే బిగువు ఎనిమిది రెట్లు అవుతుంది. అనగా బిగువు మందం యొక్క ఘనాన్ని అనుసరించి మారుతుంది. అందుచేత మందంలో వెంట్రుకవాసి తేడా కూడా వంపులో కనిపిస్తుంది. ఒకచోట ఎక్కువ చెక్కితే అక్కడే వంపు చేరి విల్లు విరుగుతుంది. తీసిన చెక్కును తిరిగి అతికించలేము కనుక కొద్దికొద్దిగా చెక్కుతూ, వంచి చూస్తూ, మళ్ళీ చెక్కుతూ పోవలెను. విల్లు పొడవు బాణాన్ని లాగే దూరానికి రెండింతల కంటే ఎక్కువగా ఉండాలి.

వాడిన తరువాత నారిని సడలించి ఉంచడం కర్రవిల్లుకు అవసరం. ఎప్పుడూ ఎక్కుపెట్టి ఉంచితే కర్ర ఆ వంపుకే అలవాటుపడి బలం కోల్పోతుంది. బాణం లేకుండా నారిని లాగి వదలడం కూడా ప్రమాదకరం. బాణంతో పోవలసిన శక్తి తిరిగి కర్రలోకే వచ్చి విల్లును విరగగొట్టవచ్చు.

నారి

నారికి సాగని, తేలికైన, తేమకు చెడని నార కావాలి. చాగ మొక్క ఆకుల నుండి తీసిన నార ఇందుకు ప్రసిద్ధం. దీని సంస్కృత నామం మూర్వ. ఉపనయన సమయంలో క్షత్రియునికి మూర్వతో చేసిన వింటినారి మొలనూలుగా ఉండాలని మనుస్మృతి చెప్పుచున్నది. జిల్లేడు, జనుము నారలు, జంతువుల నరాలు కూడా వాడుకలో ఉండేవి. పశ్చిమ, మధ్య భారతదేశంలోని భిల్లులు వెదురు విల్లుకు సన్నగా చీల్చిన వెదురు ఈనెనే నారిగా కట్టుతారు.

ప్రాచీన గ్రంథాలలో

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆయుధాగారాధ్యక్షుని విధులు చెప్పే అధ్యాయంలో తాటి, వెదురు, కర్ర, కొమ్ము అనే నాలుగు పదార్థాలతో చేసిన విల్లులు పేర్కొనబడినవి. నారికి మూర్వ, జిల్లేడు, జనుము, వెదురు, నరము మొదలైనవి చెప్పబడినవి.

అగ్నిపురాణంలోని ధనుర్వేద భాగాలు కర్రవిల్లుకు నాలుగు మూరల పొడవు, అనగా సుమారు ఆరు అడుగులు, శ్రేష్ఠమని చెప్పుచున్నవి. శరదృతువులో సేకరించిన వెదురుతో చేసిన విల్లు అన్నిటికంటె ఉత్తమమని అదే పురాణం పేర్కొన్నది. వానలు వెనుకబట్టిన తరువాతనే వెదురు నరకవలెనన్న నేటి అటవీశాస్త్ర సలహాకు ఇది దగ్గరగా ఉండడం గమనించదగినది.

వసిష్ఠుని పేర ప్రచారంలో ఉన్న ధనుర్వేదంలో మూడు, ఐదు, ఏడు, తొమ్మిది కణుపులు గల వెదురు శుభమని, నాలుగు, ఆరు, ఎనిమిది కణుపులది విడువవలెనని ఉన్నది. లేతది, మరీ ముదిరినది, కాలినది, రంధ్రం గలది పనికిరాదని, పిడి వద్ద, కొప్పు క్రింద కణుపు ఉండరాదని కూడా చెప్పబడినది. కణుపుల సంఖ్యలోని శుభాశుభాలు విశ్వాసానికి సంబంధించినవి. లేత, ముదురు, రంధ్రాల గురించిన నియమాలు మాత్రం అనుభవం మీద ఏర్పడినవే అని వెదురు స్వభావం తెలిసినవారు గ్రహించగలరు.

మహాభారతం విరాటపర్వంలో పాండవులు అజ్ఞాతవాసానికి ముందు తమ విల్లుల నారులు సడలించి జమ్మిచెట్టు మీద దాచిన కథ తెలుగువారికి సుపరిచితం. విజయదశమినాడు జమ్మిని పూజించే ఆచారానికి ఈ కథ ఆధారం. సంవత్సరంపాటు వాడకుండా ఉంచే విల్లుకు నారి సడలించడం ఎంత అవసరమో పైన చెప్పబడినది.

అలెగ్జాండరు దండయాత్ర నాటి భారతీయ పదాతుల విల్లు మనిషి ఎత్తు ఉండేదని, దానిని నేలకు ఆనించి ఎడమకాలితో అదిమి బాణం వేసేవారని గ్రీకు చరిత్రకారుడు అరియన్ వ్రాశాడు. క్రీ.పూ. 326లో పురుషోత్తముని సైన్యం పోరాడిన రోజున నేల బురదగా ఉన్నందున ఆ పెద్ద విల్లులు ఆనలేదని మరొక చరిత్రకారుడు కర్టియస్ పేర్కొన్నాడు.

తెలుగు ప్రాంతపు అడవులలో

తెలుగు సాహిత్యంలో విలుకాడైన వేటగాడు ప్రముఖ పాత్ర. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని తిన్నడు, అనగా కన్నప్ప, ఇందుకు ఉదాహరణ. నల్లమల చెంచుల జీవితంపై ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ వ్రాసిన గ్రంథం 1943లో వెలువడినది. కొండరెడ్లపై ఆయన వ్రాసిన గ్రంథం 1945లో వచ్చినది. అడవిని ఆధారం చేసుకొన్న ఈ సమాజాలలో విల్లు, గొడ్డలి, త్రవ్వుకోల నిత్యావసర వస్తువులు. ఏ చెట్టు కర్ర వంగుతుంది, ఏది పెళుసు అనే జ్ఞానం పుస్తకాల ద్వారా కాక, తండ్రి వెంట అడవికి పోయిన కుమారునికి చూపు ద్వారా సంక్రమించేది.

బ్రిటిషు పాలనలో 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత అడవులు రక్షిత ప్రాంతాలుగా మారి, పోడు సేద్యం మీద, కలప, అటవీ ఉత్పత్తుల వాడకం మీద ఆంక్షలు పెరిగినవి. ఈ ఆంక్షలు, రోడ్డుపనులలో వెట్టిచాకిరీ మన్యం ప్రజల అసంతృప్తికి ప్రధాన కారణాలు. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగినది. తిరుగుబాటుదారులు స్టేషన్లలోని తుపాకులను, తూటాలను స్వాధీనం చేసుకొన్నారు. 1924 మే 7న సీతారామరాజు మరణించాడు. విల్లంబులు ధరించిన రూపంలోనే ఆయన విగ్రహాలు తెలుగునాట అనేక ఊళ్ళలో నెలకొన్నవి.

ఇతర దేశాలలో

డెన్మార్కులోని హోల్మెగార్డ్ వద్ద దొరికిన ఎల్మ్ కర్ర విల్లులు సుమారు 9000 సంవత్సరాల నాటివి. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన సుమారు 5300 సంవత్సరాల నాటి మనిషి వద్ద ఇంకా చెక్కడం పూర్తికాని యూ కర్ర విల్లు ఉన్నది. దాని పొడవు 1.82 మీటర్లు. ఉత్తర అమెరికా ఆదివాసులకు ఓసేజ్ ఆరెంజ్ చెట్టు ప్రియమైనది.

ఇంగ్లండు చరిత్ర ఈ విషయంలో ఒక హెచ్చరిక వంటిది. అక్కడి పొడవు విల్లులకు యూ కర్ర కావాలి. దేశంలో తగినంత మంచి కర్ర దొరకక విదేశాల నుండి తెప్పించుకొన్నారు. దిగుమతి అయ్యే ప్రతి టన్ను సరుకుకు నాలుగు వింటిబద్దల చొప్పున తీసుకొనిరావలెనని 1472లో చట్టం చేశారు. ఆ గిరాకీ వలన యూరప్‌లోని యూ అడవులు బాగా తరిగిపోయినవి. 1545లో మునిగిపోయి 1982లో పైకి తీయబడిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకలో 130కి పైగా విల్లులు లభించినవి. యూ చెట్టు చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మన తడ, చిరుమాను చెట్లు కూడా నరికిన మరుసటి సంవత్సరమే బద్దకు వచ్చేవి కావు. వెదురు పొద మాత్రం సరిగా కోసుకొంటే ఏటేటా కొత్త బొంగులు ఇస్తుంది.

చట్టపరమైన స్థితి

అడవిలో కర్ర నరకదలచినవారు ఈ చట్టాలను తెలిసికొని ఉండవలెను.

* 1967 అటవీ చట్టం ప్రకారం రక్షిత అడవులలో అనుమతి లేకుండా చెట్లు నరకడం నేరం. ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాలలోను అమలులో ఉన్నది.
* 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించినది. జాతీయ ఉద్యానాలలో మొక్కలను నరకడం, తీసుకొనిపోవడం కూడా నిషిద్ధం.
* 2002 నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం సొంత స్థలంలోని చెట్టు నరకడానికి కూడా అనుమతి కావాలి.
* 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి, వాడుకొని, అమ్ముకొనే హక్కును అడవిలో నివసించే షెడ్యూల్డు తెగలవారికి, ఇతర సంప్రదాయ నివాసులకు ఇచ్చినది. ఈ ఉత్పత్తులలో వెదురు చేరినది, కలప చేరలేదు. సంప్రదాయ వేట హక్కును ఈ చట్టం స్పష్టంగా మినహాయించినది.
* 2017లో భారత అటవీ చట్టాన్ని సవరించి 'చెట్టు' అనే నిర్వచనం నుండి వెదురును తొలగించారు. దీనివలన అడవి వెలుపల పెంచిన వెదురును నరకడం, తరలించడం సులభమైనది.

వీటి సారాంశం ఏమనగా, హక్కు పొందిన చెంచు లేదా కోయ కుటుంబం వెదురు బద్ద తెచ్చుకొనవచ్చు. తడ చెట్టును నరకరాదు. చేసిన విల్లుతో అడవి జంతువును వేటాడరాదు. వన్యప్రాణుల సంఖ్య తగ్గిన కాలంలో వేట నిషేధం అవసరమే. కాని వేట ఆగినచోట విల్లు చేయవలసిన పని కూడా తగ్గుతుంది. ఆ పనితోపాటు చెట్టును చూచి కర్రను ఎంచగల జ్ఞానం కూడా తరువాతి తరానికి అందకుండా పోయే ప్రమాదం ఉన్నది. చెట్ల స్థానిక నామాలను, ఏ కర్ర ఏ పనికి వాడేవారన్న వివరాలను పెద్దల నుండి అడిగి వ్రాసి ఉంచడం వలన, ఒక్క చెట్టును కూడా నరకకుండానే ఆ జ్ఞానాన్ని కాపాడవచ్చు.

క్రీడలలో, చలనచిత్రాలలో

భారత విలువిద్య సంఘం 1973లో ఏర్పడినది. అంతర్జాతీయ పోటీలలో వాడే విల్లులు కార్బన్ నార, లోహం మొదలైన వాటితో తయారవుతాయి. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో కాంపౌండ్ విల్లుతో మూడు బంగారు పతకాలు గెలిచింది. అదే నగరానికి చెందిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మిశ్రమ జట్టు పోటీలో నాలుగవ స్థానం పొందిన జట్టులో సభ్యుడు. దేశీయ పోటీలలో మాత్రం ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉన్నది. ఇందులో వెదురుతో లేదా కర్రతో చేసిన విల్లులతో 50, 30 మీటర్ల దూరాలలో పోటీపడతారు. పల్లెల నుండి వచ్చే పిల్లలకు విలువిద్యలో తొలిమెట్టు సాధారణంగా ఇదే.

నగరవాసులలో చాలామంది విల్లును చూచేది చలనచిత్రాలలోనే. హైదరాబాదులోని శ్రీనగర్ కాలనీ, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయాలు. లవకుశ (1963), సంపూర్ణ రామాయణం, దానవీరశూరకర్ణ (1977), బాలరామాయణం, శ్రీరామరాజ్యం (2011) వంటి పౌరాణికాలలోను, అల్లూరి సీతారామరాజు (1974), బాహుబలి (2015, 2017), ఆర్ఆర్ఆర్ (2022) వంటి చిత్రాలలోను విల్లుకు ప్రముఖ స్థానం ఉన్నది. సినిమా విల్లు కంటికి ఇంపుగా, చేతికి తేలికగా ఉంటే చాలు. దానికి బాణాన్ని దూరం పంపవలసిన పని లేదు. కాబట్టి తెరమీద కనిపించే వంపులు తిరిగిన, నగిషీలు చెక్కిన విల్లును చూచి నిజమైన కర్రవిల్లు రూపాన్ని ఊహించరాదు. నిజమైన కర్రవిల్లు నారి సడలించినపుడు చూడడానికి దాదాపు తిన్నని కర్ర వలెనే ఉంటుంది.

ఈ ప్రాంతానికి సమీపంలోనే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం ఉన్నది. దీనిని 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. దక్కను పీఠభూమికి చెందిన ఆకురాల్చు అడవి స్వభావాన్ని విద్యార్థులు ఇక్కడ పరిశీలించవచ్చు. బెరడు చారలు నిలువుగా ఉన్న చెట్టుకు, మెలితిరిగిన చెట్టుకు గల తేడా చూచి తెలుసుకొనవచ్చు. జాతీయ ఉద్యానం కనుక ఇక్కడి నుండి ఎండుకొమ్మను కూడా తీసుకొనిపోరాదు. గిరిజనుల జీవన విధానం గురించి తెలుసుకొనగోరేవారికి మాసబ్ ట్యాంక్ వద్ద నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం నెలకొల్పబడినది.

ఇవి కూడా చూడండి
* విల్లు
* విలువిద్య
* ధనుర్వేదం
* వెదురు
* చెంచులు
* కోయలు
* కొండరెడ్లు
* మన్యం తిరుగుబాటు
* అటవీ హక్కుల చట్టం
* జమ్మి చెట్టు